తెరిచిన సైలెన్సర్‌కి స్క్రూ లేని కార్బొరేటర్: మీ చైన్‌సా పవర్ కిట్‌పై ఫిర్యాదు

వినియోగదారుల సేవా విభాగం అధికారి గారికి,

విషయం: పాత చిన్న చైన్‌సాల కోసం మీరు అమ్ముతున్న పవర్ కిట్‌లో లోపాలు, వారంటీ తిరస్కరణ గురించి. డబ్బు వాపసు, సూచనల కాగితం సవరణ కోరుతూ.

నమస్కారం.

40 మి.మీ. బోరు (సిలిండర్ లోపలి వ్యాసం), 30 మి.మీ. స్ట్రోకు (పిస్టన్ కదిలే దూరం) ఉన్న 37.7 సీసీ పాత చైన్‌సాకి మీ కిట్ (సిలిండర్, పిస్టన్, కార్బొరేటర్, సైలెన్సర్, ప్యాకింగులు) బిగిస్తే, మొదటి ట్యాంకు పెట్రోల్ అయిపోకముందే పిస్టన్ పట్టేసింది. వారంటీ అడిగినందుకు "పెట్రోల్‌లో ఆయిల్ తక్కువ కలపడం వల్ల జరిగిన నష్టం, వారంటీ వర్తించదు" అని ఒక్క వాక్యంలో తేల్చేశారు. భాగాలు చూడలేదు, ఫొటోలు కూడా అడగలేదు. ఇంజన్ పట్టేయడానికి కారణం మీరు పంపిన పెట్టెలోనే ఉంది. పొగ పోయే దారిని బార్లా తెరిచే సైలెన్సర్‌నీ, దానికి తగ్గట్టు పెట్రోల్ పెంచుకునే వీలు లేని కార్బొరేటర్‌నీ జతచేసి అమ్ముతున్నారు. మిగతా లోపాలు దీని తర్వాతే.

ముందు ఆయిల్ సంగతి. మీ కాగితం 50:1 అంటుంది, అంటే లీటరుకి 20 మి.లీ. కొత్త పిస్టన్ రింగు కదా అని మేం 40:1 కలిపాం, లీటరుకి 25 మి.లీ. ఆయిల్ అందక పట్టేసిన పిస్టన్‌కి గీతలు ఇన్‌టేక్ (మిశ్రమం లోపలికి వచ్చే) వైపుతో సహా చుట్టూ పడతాయి. కనెక్టింగ్ రాడ్ బిగ్ ఎండ్ (క్రాంకు వైపు కొన) ఎండిపోయి నీలం తిరుగుతుంది. ఇక్కడ రాడ్ బేరింగులు తడిగా, మెరుస్తూ ఉన్నాయి. ఇన్‌టేక్ వైపు పిస్టన్ మీద తయారీ గీతలు కూడా చెరగలేదు. చీరుకుపోయినదంతా ఎగ్జాస్ట్ (పొగ పోయే) వైపే. స్పార్క్ ప్లగ్గు పింగాణీ సున్నంలా తెల్లబడింది. గాలి ఎక్కువై పెట్రోల్ చాలక వేడెక్కిన ఇంజన్ గుర్తులివి. పదేళ్లు పనిచేసిన మెకానిక్ ఎవరికి చూపించినా ఇదే మాట చెబుతాడు.

ఇలాంటప్పుడు మీవాళ్లు అడగబోయే రెండో ప్రశ్న పాత ఆయిల్ సీళ్ల గురించి. క్రాంక్ సీళ్లు రెండూ కొత్తవి వేసిన తర్వాతే కిట్ బిగించాం. ఇన్‌టేక్, ఎగ్జాస్ట్ మూసి క్రాంక్‌కేసుకి (సిలిండర్ కింది గదికి) 0.5 బార్ గాలి పెడితే గేజ్ ముల్లు కదల్లేదు. సీలు పెదవి ఒత్తిడికి బిగుసుకుని, లాగినప్పుడు వదిలేసే అవకాశం ఉంది కాబట్టి 0.5 బార్ వ్యాక్యూమ్ కూడా పెట్టి చూశాం. అదీ నిలిచింది. కాబట్టి బయటి గాలి లోపలికి రావడం లేదు, పెట్రోలే తక్కువ వస్తోంది.

ఎందుకు తక్కువ వస్తోందో రెండు చోట్ల కనిపిస్తుంది.

మొదటిది మీ ఇన్‌టేక్ ప్యాకింగ్. డయాఫ్రమ్ కార్బొరేటర్‌లో పెట్రోల్ పంపుని ఆడించేది క్రాంక్‌కేసులో పెరిగి తగ్గే ఒత్తిడి. అది ఒక సన్నని ఇంపల్స్ రంధ్రం గుండా కార్బొరేటర్‌కి చేరాలి. మీ ప్యాకింగ్‌ని సిలిండర్ ముఖం మీద ఆనించి, బోల్టు రంధ్రాలు రెండూ సరిచూసుకుని వెలుతురుకి ఎత్తితే, ఇంపల్స్ రంధ్రంలో మూడింట రెండొంతులు కాగితం అడ్డుపడి ఉంటుంది. ఐడిల్‌లో (థ్రాటిల్ నొక్కకుండా ఇంజన్ తిరిగేటప్పుడు) దీనివల్ల తేడా తెలియదు. థ్రాటిల్ పూర్తిగా నొక్కి కోతలో దింపినప్పుడే పంపు చాలక పెట్రోల్ సన్నబడుతుంది. ఈ లోపం మేం బిగించే ముందే గమనించి రంధ్రాన్ని సరైన చోట కోశాం, అయినా ఇంజన్ పట్టేసింది. కోయకుండా బిగించినవారి గతి ఊహించుకోండి.

రెండోది, అసలుది, కార్బొరేటర్. మీటరింగ్ లివర్ (పెట్రోల్ సూదిని తెరిచే మీట) ఎత్తు సరిగ్గానే ఉంది, పెట్రోల్ సూది 0.8 బార్ దగ్గర కూడా వదల్లేదు. ఆ మేరకు పనితనానికి వంక పెట్టలేం. కానీ దీనికి ఎల్ స్క్రూ (తక్కువ వేగంలో పెట్రోల్ సరిచేసేది), ఐడిల్ స్క్రూ తప్ప హెచ్ స్క్రూ (ఎక్కువ వేగంలో పెట్రోల్ సరిచేసేది) లేదు. ఫుల్ థ్రాటిల్‌లో పెట్రోల్ ఒక స్థిర జెట్టు (మార్చలేని సన్నని రంధ్రం) గుండానే రావాలి. ఆ జెట్టు కొలత మూసి ఉన్న మామూలు సైలెన్సర్‌కి సరిపోయేది. ఖర్చుకి తలుపులు తీసి రాబడికి తాళం వేసినట్టుంది ఈ జత. కోత లేకుండా ఫుల్ థ్రాటిల్ ఇస్తే టాకోమీటర్ 14,000 ఆర్‌పీఎం దాటింది. మీ కాగితంలో రాసిన గరిష్ఠం 12,500. ఆపై "కార్బొరేటర్ ఫ్యాక్టరీలోనే సెట్ చేశాం, ట్యూనింగ్ అవసరం లేదు, పాతది పారేయండి" అని సలహా! డయాఫ్రమ్‌లు, సూది మార్చిన పాత కార్బొరేటర్‌కి హెచ్, ఎల్ రెండూ ఉంటాయి, ఇలాంటి పనికి అదే మేలు. మీ మాట నమ్మి దాన్ని పారేసినవారికి తిరిగి వెనక్కి వెళ్లే దారి కూడా మిగల్లేదు.

సైలెన్సర్ విషయంలోనూ లెక్క తప్పింది. మీ సిలిండర్ ఎగ్జాస్ట్ పోర్టు 24 మి.మీ. వెడల్పు, 11 మి.మీ. ఎత్తు, అంటే సుమారు 264 చదరపు మి.మీ. సైలెన్సర్ బయటి రంధ్రాల మొత్తం అందులో 70–80 శాతం, అంటే 185 నుంచి 210 చదరపు మి.మీ. ఉంటే చాలని చిన్న ఇంజన్లకు పనిచేసేవాళ్లు పాటించే లెక్క. మీరు 14 మి.మీ. రంధ్రాలు రెండు పెట్టారు. కలిపితే 308, పోర్టు కంటే పెద్దది. పోర్టుని దాటిన తర్వాత రంధ్రం ఎంత పెంచినా శక్తి పెరగదు, చప్పుడు పెరుగుతుంది. రెండో రంధ్రం నుంచి వచ్చే మంటవేడి నేరుగా చైన్ బ్రేక్ ప్లాస్టిక్ రెక్క మీదికి కొడుతోంది, అంచు ఇప్పటికే మెత్తబడి వంగింది. బ్రేక్ అనేది ప్రాణానికి సంబంధించినది. నిప్పురవ్వలు ఆపే జల్లెడ కూడా ఇవ్వలేదు. ఎండుటాకుల మధ్య వాడే యంత్రానికి అది అలంకారం కాదు.

"హై కంప్రెషన్" అన్న మాట కూడా నిలబడదు. థ్రాటిల్ పూర్తిగా తెరిచి తాడు లాగితే గేజ్ 115 పీఎస్ఐ దగ్గర ఆగింది. బాగున్న ఇంజన్‌కి 150 దాకా రావాలి. కొత్త రింగు ఒరుసుకున్నాక కాస్త పెరుగుతుందనేది నిజమే, కానీ ఇంత లోటు దానివల్ల పూడదు. కారణం స్క్విష్, అంటే పిస్టన్ పూర్తిగా పైకి చేరినప్పుడు దాని అంచుకీ సిలిండర్ పైకప్పుకీ మధ్య మిగిలే సందు. 2 మి.మీ. టంకం తీగని ప్లగ్గు రంధ్రంలోంచి పిస్టన్ పిన్ను గీత వెంబడి సిలిండర్ గోడ తగిలేదాకా పెట్టి, ఫ్లైవీల్‌ని చేత్తో తిప్పి, నలిగిన కొనని వెర్నియర్‌తో కొలిస్తే రెండు వైపులా 1.3 మి.మీ. ఉంది. ఉండాల్సింది 0.5 దరిదాపుల్లో. ఈ బోరులో ప్రతి 0.1 మి.మీ. ఎత్తూ 0.126 సీసీ ఖాళీ, అంటే 0.8 మి.మీ. అదనపు ఎత్తు ఒక సీసీ. ఇంత చిన్న దహన గదిలో ఒక సీసీ చాలా ఎక్కువ.

ఇందుకు మీ సాంకేతిక విభాగం ఫోనులో చెప్పిన ఉపాయం: "బేస్ ప్యాకింగ్ తీసేసి సీలెంట్ రాయండి." సిలిండర్ అడుగున ఉండే ఆ ప్యాకింగ్ మందం 0.5 మి.మీ., తీసేస్తే స్క్విష్ 0.8కి వస్తుంది, లక్ష్యం చేరదు. పైగా సిలిండర్ కిందికి దిగితే పోర్టులూ దిగుతాయి. ఈ స్ట్రోకుకి అర మిల్లీమీటరు అంటే ఎగ్జాస్ట్ దాదాపు 2 డిగ్రీలు ఆలస్యంగా తెరుచుకుంటుంది. పిస్టన్ పైకి చేరినప్పుడు దాని పావడా (స్కర్ట్, కింది భాగం) అంచు కింద ఎగ్జాస్ట్ పోర్టు సందు ఇస్తుందేమో చూడాలి, ఇచ్చిందంటే క్రాంక్‌కేసులోని మిశ్రమం నేరుగా సైలెన్సర్‌లోకి పోతుంది. వీటిలో ఒక్కటీ చెప్పకుండా ప్యాకింగ్ తీసేయమనడం సలహా అనిపించుకోదు.

సిలిండర్ లోపల పోర్టు అంచులకి చాంఫర్ (వాలుగా తీసిన అంచు) లేదు. గోరు పెట్టి లాగితే గోరు చీరుకుంటుంది. ఎగ్జాస్ట్ పోర్టు పై అంచున ప్లేటింగ్ చిన్న పెంకులా బయటికి పొడుచుకొచ్చి ఉంది. రింగు అక్కడ పోర్టులోకి కాస్త ఉబ్బి, తిరిగి వెళ్లేటప్పుడు ఆ అంచుకి తగులుతుంది. ఇది రాలి పడితే బోరు మొత్తం గీసుకుపోతుంది. రింగు కొనల మధ్య సందు 0.7 మి.మీ., కొత్త రింగుకి మరీ ఎక్కువ. సర్క్లిప్‌లు (పిస్టన్ పిన్నుని నిలిపే తీగ చుట్టలు) గాడిలో చేత్తో తిరిగేంత వదులు.

ఈ కిట్ అమ్మడం కొనసాగించాలంటే కాగితంలో ఈ సంగతులు ఉండి తీరాలి. పోర్టు అంచుల్ని సన్నని డైమండ్ ఆకురాయితో అర మిల్లీమీటరు వాలుగా తీయాలి, ఆకురాయి ఎప్పుడూ బోరులోంచి పోర్టులోకే సాగాలి, ఎదురు సాగితే ప్లేటింగ్ లేచిపోతుంది. పిస్టన్ మీది బాణం ఎగ్జాస్ట్ వైపు. సర్క్లిప్ నోరు పైకో కిందికో ఉండాలి, పక్కకి కాదు. బిగించిన తర్వాత, పెట్రోల్ పోయకముందే ప్రెషర్, వ్యాక్యూమ్ రెండు పరీక్షలూ చేయాలి. కార్బొరేటర్ హెచ్, ఎల్ స్క్రూలు మెల్లగా మూసి ఒక్కో చుట్టు తెరిచి మొదలుపెట్టాలి. ఇంజన్ వేడెక్కాక, ఎయిర్ ఫిల్టర్ శుభ్రంగా ఉండగా, ముందు ఎల్, తర్వాత ఐడిల్, చివర హెచ్. కోత లేని ఫుల్ థ్రాటిల్‌లో ఇంజన్ మధ్యమధ్య మంట తప్పుతూ గరగరమనాలి, బార్ చెక్కలో దిగగానే ఆ గరగర పోయి గొంతు తేటపడాలి. చెక్క లేనప్పుడే కీచుమని ఎక్కుతుంటే వెంటనే థ్రాటిల్ వదిలి హెచ్ స్క్రూని బయటికి తిప్పాలి. కాయిల్‌లో రెవ్ లిమిటర్ ఉన్న యంత్రాల్లో లిమిటర్ కోత కూడా అచ్చం ఆ గరగరలాగే వినిపిస్తుంది, దాన్ని రిచ్ (పెట్రోల్ ఎక్కువ) అనుకుని హెచ్ మూసేస్తే ఇంజన్ మిగలదు. ఈ హెచ్చరికని పెద్ద అక్షరాల్లో వేయండి.

మేం కోరుతున్నవి: కిట్ పూర్తి ధర, వంగిన బ్రేక్ రెక్క ఖర్చు కలిపి వాపసు ఇవ్వాలి. రాడ్ బేరింగుల ఖర్చు అక్కర్లేదు, అవి బాగానే ఉన్నాయి. "ఆయిల్ తక్కువ" అన్న నిర్ణయాన్ని రాతపూర్వకంగా వెనక్కి తీసుకోవాలి. ఇప్పటికే ఈ కిట్ కొన్నవారికి హెచ్ స్క్రూ ఉన్న కార్బొరేటర్, సరైన రంధ్రం ఉన్న ప్యాకింగ్ ఉచితంగా పంపాలి, అవి చేరేదాకా ఫుల్ థ్రాటిల్‌లో నడపవద్దని తెలియజేయాలి.

పిస్టన్, సిలిండర్, ప్లగ్గు, మిగిలిన ప్యాకింగ్, నలిగిన టంకం తీగ ముక్కలు విప్పినవి విప్పినట్టే భద్రపరిచాం. మీ సాంకేతిక విభాగం నుంచి ఎవరైనా వచ్చి మా ఎదుట కొలుచుకోవచ్చు. పరీక్ష కోసం పంపమంటే, అందినట్టు భాగాలవారీగా రశీదు ఇస్తామని ముందుగా రాసివ్వండి. ఫోనులో కాకుండా ఉత్తరంలోనే జవాబు ఇవ్వగలరు.

ఇట్లు,
మీ పవర్ కిట్ కొనుగోలుదారులు