వృత్తి గడిలో ఏం రాశావు?

చిన్నీ,

మొన్న రాత్రి ఫోన్ చేసి, "కాలేజీ వాళ్ళు ఫారం ఇచ్చారమ్మా, తల్లి వృత్తి అని ఉంది. గృహిణి అని రాయనా, వ్యాపారం అని రాయనా?" అన్నావు. "నీ ఇష్టం" అని పెట్టేశాను. కోపం కాదు. నువ్వు పుట్టకముందైతే టక్కున చెప్పేదాన్ని. ఇప్పుడు ఎక్కడ మొదలుపెట్టాలో తెలియలేదు.

2004లో గుంటూరులో ఇంటి పెరట్లో నాలుగు జాడీలతో పచ్చళ్ళ వ్యాపారం మొదలుపెట్టాను. నువ్వు కడుపున పడేనాటికి ఆరుగురు ఆడవాళ్ళు పనిచేస్తున్నారు. కాయ కొట్టేది వాళ్ళు, జీడి తీసి తుడిచేది వాళ్ళు. కారం, ఆవపిండి, ఉప్పు బేసిన్‌లో పోశాక చెయ్యి పెట్టేది మాత్రం నేనే. కొలతంతా దోసిళ్ళలో. ఎంత వెయ్యాలని ఎవరైనా అడిగితే "చేతికి తెలుస్తుంది" అనేదాన్ని, కాస్త గర్వంగానే. లేబుల్ మీద నా సొంత ఫోన్ నంబరే ఉండేది. వీధిలో అందరికీ నేను పచ్చళ్ళావిడని. పేరుతో పిలిచేవాళ్ళు తక్కువ, నాకూ అదే బాగుండేది.

నువ్వు పుట్టింది 2008 ఏప్రిల్ మొదట్లో, సరిగ్గా ఆవకాయ సీజన్‌లో. ఉద్యోగం చేసేవాళ్ళకి అప్పట్లో చట్టప్రకారం 12 వారాల ప్రసూతి సెలవు ఉండేది (2017లో 26 చేశారు). ఓనరుకి సెలవిచ్చేదెవరు? నీ బారసాల అయిన మర్నాడే బేసిన్ దగ్గర కూర్చున్నాను. అమ్మమ్మ తిట్టినా వినలేదు.

ఆ సాయంత్రం నువ్వు ఏడిస్తే, సబ్బుతో రెండుసార్లు చేతులు కడుక్కుని ఎత్తుకుని బుగ్గ నిమిరాను. గుక్కపట్టావు. బుగ్గ మీద నా వేళ్ళు ఎర్రగా తేలాయి. "నీళ్ళతో కడిగితే గుంటూరు కారం పోతుందటే?" అంటూ అమ్మమ్మ కొబ్బరినూనె అద్ది తుడిచింది. కారంలోని మంట నీళ్ళలో కరగదు, నూనెలో కరుగుతుంది. రోజూ కారంలో చేతులు పెట్టే నాకు తెలియని సంగతి కాదు. నా చేతులకి మంట తెలియడం ఎప్పుడో మానేసింది, అంతే.

మర్నాడు త్రాసు తెప్పించి నా దోసిలిని తూచాం. నేను తీస్తుంటే, పనివాళ్ళలో పెద్దావిడ త్రాసులో పోస్తుంటే, నాన్న నోటుబుక్కులో రాశారు. ఐదుసార్లు తీస్తే ఐదు బరువులు! ఉప్పు మెత్తగా ఆడితే ఒకలా, పలుగ్గా ఉంటే ఇంకోలా. చేతికి తెలుస్తుందని నేను చెప్పుకున్న దాంట్లో సగం, మూడో రోజు తిరగకలిపేటప్పుడు ఉప్పు చూసి సర్దుకోవడమే. అదీ రాయించాను.

ఆ ఏడు మిగతా ఆవకాయంతా పెద్దావిడే కలిపింది. "ఈసారి మీ చెయ్యి కాదండీ" అని ఎవరో ఒకరు ఫోన్ చేస్తారని ఎదురుచూశాను. ఒక్కరూ అనలేదు. పైగా ఒకాయన, "ఈ ఏడు ఉప్పు భలే కుదిరిందమ్మా" అన్నాడు. ఫోన్ పెట్టేసి లోపలికెళ్ళి ఏడ్చాను. నేను కలపకపోయినా ఆవకాయ ఆవకాయే అయితే, ఇన్నాళ్ళూ నేనెవర్ని? ఒళ్ళో నువ్వేమో నేను కాక ఇంకెవరెత్తుకున్నా ఊరుకోవు. అక్కడ అక్కర్లేదు, ఇక్కడ క్షణం వదలవు. ఏది ఎక్కువ భయమేసిందో చెప్పలేను.

ఇంకో సంగతి సిగ్గుపడుతూ చెప్తున్నా. నువ్వు పుట్టకముందు, పిల్లాడికి జ్వరమని సెలవడిగినావిడతో "ఇంట్లో అంత పనుంటే ఇక్కడికి రావడమెందుకు" అన్నాను. ఆవిడ మళ్ళీ రాలేదు. నీకు మొదటిసారి జ్వరమొచ్చిన రాత్రి ఆవిడే గుర్తొచ్చింది. తర్వాత వెతుక్కుంటూ ఇంటికెళ్ళాను. ఊరొదిలి వెళ్ళిపోయారన్నారు.

నీ మొదటి పుట్టినరోజుకి ముందే లేబుల్ మీద నా నంబరు తీయించి ఆఫీసు నంబరు వేయించాం. కొన్ని నెలల పాటు నా ఫోన్ మోగకపోతే తీసి చూసుకునేదాన్ని, పాడైందేమోనని. అప్పటికి నీకు మాటలు రావడం మొదలైంది. ఫోన్ సంగతి మర్చిపోయాను.

ఆదివారం హాస్టల్‌కి వస్తున్నా, ఆవకాయ సీసా తెస్తున్నా. తడి గరిటె పెట్టకు, ముక్క మీద నూనె తేలుతూ ఉండాలి. ఇంట్లోకి మాత్రం ఏడాదికో జాడీ ఇప్పటికీ నేనే కలుపుతాను, దోసిలితోనే. పోయినేడు ఉప్పెక్కువైందని గొడవ చేశావే, అది ఆ జాడీలోదే.

ఫారం ఇంకా ఇవ్వకపోతే ఆ గడి ఆదివారం దాకా అలాగే ఉంచు.

అమ్మ