వైరస్ చికిత్స: జాగ్రత్త ఇంట్లో మొదలు కావాలి

సంపాదకులకు నమస్కారం.

జన్యుమార్పిడి చేసిన వైరస్‌తో క్యాన్సర్‌ను నయం చేస్తారన్న వార్తలపై మా తిరుపతిలో రెండు రకాల మాటలు వినిపిస్తున్నాయి. ఇక కీమో బాధ తప్పినట్లేనని కొందరు, ప్రయోగశాల వైరస్ ఊరి మీద పడుతుందని మరికొందరు అంటున్నారు. సూక్ష్మజీవశాస్త్రం బోధించి ఉద్యోగ విరమణ చేసిన నాకు ఈ రెండూ అతిగానే తోస్తున్నాయి.

2015లో అమెరికా అనుమతించిన టి-వెక్ అనే మందు, పెదవులపై పొక్కులు తెచ్చే హెర్పిస్ వైరస్ నుంచి తయారైంది. నాడీకణాల్లో పెరిగేందుకు తోడ్పడే జన్యువును అందులోంచి తొలగించి, మన రక్షక కణాలను ప్రేరేపించే ఒక ప్రొటీన్‌కు చెందిన మానవ జన్యువును చేర్చారు. హెర్పిస్‌కు వాడే ఎసైక్లోవిర్ అనే మందుకు లొంగే గుణాన్ని మాత్రం కావాలనే అలాగే ఉంచారు. వైరస్ అదుపు తప్పితే ఆపడానికి మందు ఉండాలి కదా. అయితే మెలనోమా అనే చర్మ క్యాన్సర్ ఉన్న 436 మంది రోగులపై జరిగిన పరీక్షలో, కణితులు తగ్గి కనీసం ఆరు నెలలు నిలిచిన ఫలితం కనిపించింది టి-వెక్ పొందినవారిలో 16.3 శాతం మందిలోనే. పోల్చి చూసిన మందుతో అది 2.1 శాతం. మనవైపు ఎక్కువగా కనిపించే నోటి క్యాన్సర్‌కు దగ్గరగా, తల, మెడ క్యాన్సర్లకు చైనా 2005లో అనుమతించిన అడినోవైరస్ (జలుబు వంటివి తెచ్చే వైరస్) మందును కూడా కీమోతో కలిపే ఇస్తారు.

భద్రత విషయంలో నా ఆందోళన ఊరి గురించి కాదు, రోగి ఇంటి గురించి. టి-వెక్‌ను నేరుగా కణితిలోకే సూదితో ఎక్కిస్తారు కనుక ఆ చోట కొన్నాళ్లపాటు సజీవ వైరస్ ఉండవచ్చు. అందుకే సూది వేసిన తర్వాత కనీసం వారం రోజులు, రసి కారుతుంటే ఇంకా ఎక్కువ కాలం, ఆ చోటును కట్టుతో కప్పి ఉంచాలని, కట్టు మార్చేవారు చేతి తొడుగులు వేసుకోవాలని, పాత కట్టును సంచిలో మూసి పారేయాలని సూచనలున్నాయి. రోగనిరోధక శక్తి బాగా తగ్గినవారికి, గర్భిణులకు ఈ మందు ఇవ్వకూడదు. వారు ఆ కట్టునూ తాకకూడదు. మన ఇళ్లలో కట్టు మార్చే పని సాధారణంగా కోడలిదో కూతురిదో అవుతుంది, ఆమె నిండు చూలాలైనా సరే. ఈ సంగతి రోగికి ఒక్కడికే చెబితే చాలదు.

1999లో అమెరికాలో, క్యాన్సర్‌కు కాకపోయినా, వైరస్ ద్వారా జన్యుచికిత్స పొందిన 18 ఏళ్ల జెస్సీ గెల్సింగర్ మరణించాడు. అంతకుముందు ఇలాంటి చికిత్స పొందిన కోతుల్లో సంభవించిన మరణాల మాట అతడు సంతకం చేసిన సమ్మతి పత్రంలో లేదని తరువాత తేలింది. మన దేశంలో 2019 నాటి నిబంధనల ప్రకారం సమ్మతి పత్రం రోగికి అర్థమయ్యే భాషలో ఉండాలి, ప్రయోగం సీటీఆర్ఐలో (మన దేశంలో క్లినికల్ ప్రయోగాల నమోదు పట్టికలో) నమోదు కావాలి. తిరుపతిలోనైనా, చిత్తూరు వాసులు వెళ్లే వేలూరులోనైనా ఇటువంటి ప్రయోగంలో చేరమని అడిగితే, ఆ నమోదు సంఖ్యను, ఇంటివారు పాటించవలసిన జాగ్రత్తలు రాసిన తెలుగు కాగితాన్ని సంతకానికి ముందే అడిగి తీసుకోవాలని పాఠకులను కోరుతున్నాను.

ఇట్లు,
ఒక విశ్రాంత అధ్యాపకుడు,
తిరుపతి.