పంచే చేతిని చూడండి

సంపాదకులకు,

పలాస వైపు జీడితోటల్లో సంక్రాంతి పేకాట కొత్త కాదు. ఈసారి కుర్రాళ్లు మూడు ముక్కలాట వదిలేసి పోకర్ పట్టుకున్నారు. ఊరికి కొత్తగా వచ్చిన ఒకాయన తరచూ పంచేవాడు. మా బావమరిది రెండు రాత్రుల్లో పదిహేను వేలు పోగొట్టుకున్నాడు. టైం బాగోలేదనుకున్నాం.

మూడో రాత్రి నేను ముక్కలు చూడటం మానేసి అతని ఎడమ చెయ్యి చూశాను. చూపుడు వేలు కట్ట ముందంచున కొక్కెంలా, మిగతా మూడూ పక్కన. బొటనవేలు పై ముక్కని తోసినట్టే తోసేది, జారి వచ్చేది మాత్రం అడుగు ముక్క! కలిపేటప్పుడే ఆసులు అడుగుకి చేర్చేసి, పైన ఎంత కలిపినా వాటిని కదలనిచ్చేవాడు కాదు. చెవి పెడితే ఆ ముక్క కాస్త గీసుకుంటూ వచ్చే చప్పుడు తెలుస్తుంది. క్యాసినోల్లో కట్ట అడుగున రంగు ప్లాస్టిక్ ముక్క పెట్టేది ఇందుకే.

తోటలో పందెం కాసి ఆడటమే 1974 గేమింగ్ చట్టం కింద నేరం. ఇక మోసపోయినవాడు స్టేషన్‌కి ఏ మొహం పెట్టుకుని వెళ్తాడు? మోసం చేసేవాడి ధైర్యమూ అదే. పండగ ముందు పోలీసులు దాడులతో పాటు, ఊరి సెంటర్లో ఈ కనికట్టు ఒకసారి చేసి చూపిస్తే బాగుంటుంది.

— ఒక పాఠకుడు, శ్రీకాకుళం జిల్లా