ముందు శిబిరానికి వెళ్లు

నల్లగొండ,
ఆదివారం సాయంత్రం

ఒరే మిత్రమా,

నీ ఉత్తరం అందింది. ఎల్‌ఎల్‌ఎం రెండో ఏడాదిలో కాస్త తీరిక దొరికింది, కల్పిత కేసు మీద వాదించే మూట్ కోర్టు పోటీకి వెళ్లనా, జర్నల్‌కు వ్యాసం రాయనా అని అడిగావు. నన్నడిగితే ముందు న్యాయ సేవల శిబిరానికి వెళ్లు. మూట్‌లో నీ గొంతు ఖంగున మోగుతుంది, నాకు తెలుసు. కానీ అక్కడ వాస్తవాలన్నీ అచ్చువేసి చేతికిస్తారు. వాటిని రాబట్టడం ఎవరు నేర్పుతారు?

మొన్న దేవరకొండ దగ్గర ఒక ఊళ్లో శిబిరం పెట్టాం. ఒక పెద్దమ్మ పాలిథిన్ కవరు విప్పి, మడతల్లో చిరిగిపోయిన పట్టాదారు పాసుపుస్తకం, భర్త మరణ ధ్రువపత్రం, కరెంటు బిల్లులు నా ముందు పోసింది. కొడుకుల మీద ఫిర్యాదేమో అనుకున్నాను. అరగంట విన్నాక తేలింది, ఆమెకు కావలసింది విరాసత్ దరఖాస్తు, అంటే చనిపోయిన భర్త భూమిని వారసుల పేరిట మార్చమని అడిగేది. రాసి చదివి వినిపించాను. ఆమె వేలిముద్ర వేసి, "ఫీజు ఎంత బిడ్డా?" అంటూ కొంగుముడి విప్పబోయింది. 1987 నాటి న్యాయ సేవల చట్టం 12వ సెక్షన్ ప్రకారం స్త్రీలకు ఆదాయంతో నిమిత్తం లేకుండా ఉచిత న్యాయ సహాయం అందుతుందని పరీక్షలో ఎన్నిసార్లు రాశామో! ఆ ముడి మళ్లీ బిగిసినప్పుడు గానీ ఆ మాట విలువ నాకు తెలియలేదు.

నువ్వింకా బార్ కౌన్సిల్‌లో పేరు నమోదు చేసుకోలేదు కదా, జనానికి న్యాయ సహాయం అందేలా తోడ్పడే పారా లీగల్ వాలంటీరుగా చేరవచ్చు. మహబూబ్‌నగర్ జిల్లా న్యాయ సేవాధికార సంస్థలో శిక్షణ ఎప్పుడో కనుక్కో.

వ్యాసం సంగతి. వలస కూలీల మీద డిసర్టేషన్ అన్నావు. గుత్తేదారు ప్రతి కూలీకి ఫొటో అతికించిన పాసుపుస్తకం ఇవ్వాలని 2025 దాకా అమల్లో ఉన్న 1979 నాటి అంతర్రాష్ట్ర వలస కార్మికుల చట్టం చెప్పింది. పాలమూరు బస్టాండులో మూటలతో దిగేవాళ్లను అడుగు, ఆ పుస్తకం ఎప్పుడైనా చూశారా అని. కూలీలను గుంపుగా పనికి తీసుకెళ్లే గుంపు మేస్త్రీలనూ అడుగు. వాళ్ల జవాబులు రాసుకున్నాకే లైబ్రరీకి వెళ్లు. జర్నల్ వ్యాసం అందులోంచే వస్తుంది.

ఇంకొకటి. కేసులను రాజీతో తేల్చే లోక్ అదాలత్ జరిగే రోజు ఇక్కడికి రా, వెనక బెంచీలో కూర్చుందాం. అక్కడ కుదిరిన రాజీ మీద అప్పీలు ఉండదు. అందుకే సంతకం పెట్టేవాళ్ల ముఖాలు చూడాలి, అర్థమై పెడుతున్నారా, లాయరు చెప్పాడని పెడుతున్నారా అని. నేను గమనించినవి నీకు చెబుతాను, నువ్వు చూసినవి నాకు చెప్పు.

దేవరకొండ మీదుగా వచ్చే బస్సు ఎక్కు. ఎక్కే ముందు ఫోను చెయ్యి, బస్టాండుకు వస్తాను. నువ్వు వస్తున్నావని తెలిస్తే అమ్మ సర్వపిండి చేస్తానంది.

నీ
మిత్రుడు