ఓడెక్కే రోజున స్టీరింగ్ పట్టొద్దు

సంపాదకుడికి,

పిల్లల చదువులన్నారు, పెళ్లిళ్లన్నారు, రిటైరయ్యాక చూద్దామన్నారు. అలా వాయిదా వేస్తూ వచ్చిన దంపతులు ఇప్పుడు కారులో చెన్నై దాకా వెళ్లి, అక్కడ క్రూయిజ్ ఎక్కి రావాలని బయలుదేరుతున్నారు. సంతోషమే. ప్రకటనలూ, పర్యాటక వ్యాసాలూ మాత్రం ఓడ మీది ఈతకొలను దగ్గరే ఆగిపోతున్నాయి. ఈ యాత్ర చెడేది ఎక్కువగా రోడ్డుకీ ఓడకీ మధ్య వ్యవధి చాలక.

హైదరాబాద్ నుంచి నార్కెట్‌పల్లి, మిర్యాలగూడ, అద్దంకి మీదుగా మేదరమెట్ల దగ్గర 16వ జాతీయ రహదారి ఎక్కితే విజయవాడ రద్దీ తప్పుతుంది. మొదటి రాత్రి నెల్లూరులో ఆగాలి. అక్కడినుంచి చెన్నై సుమారు 175 కిలోమీటర్లే. అలాగని ఆ రోజే ఓడ పెట్టుకోవద్దు. రెడ్‌హిల్స్ దాటాక హార్బర్ వైపు కంటైనర్ లారీల వరస ఎప్పుడు కదులుతుందో చెప్పలేం. ఓడ చెక్‌ఇన్ మాత్రం బయలుదేరే వేళకు చాలా ముందే మూసేస్తారు. ఆలస్యమైతే టికెట్ డబ్బు మీద ఆశ వదులుకోవాల్సిందే. రెండో రాత్రి చెన్నైలో ఉండి, పార్కింగ్ రుసుము ముందే మాట్లాడుకుని కారు హోటల్లో వదిలి, పొద్దున ట్యాక్సీలో రేవుకు వెళ్లడం మేలు.

రిటైరైనవాళ్ల కారు పెద్దగా తిరగదు కాబట్టి టైర్లు అరగవు, కొత్తవాటిలాగే ఉంటాయి. చూడాల్సింది టైరు పక్కన ఉండే నాలుగంకెలు. 3218 అంటే 2018లో 32వ వారం తయారీ. అంత పాతదై, పక్కల సన్నటి పగుళ్లు కూడా ఉంటే హైవే మీదికి తీసుకెళ్లకూడదు. ఫాస్టాగ్ కేవైసీ కూడా చూసుకోండి. టోల్ దగ్గర అది పనిచేయకపోతే యూపీఐతో ఒకటింబావు రెట్లు కట్టాలి.

గది ఎంపికలో చాలామంది పై అంతస్తు బాల్కనీ అడుగుతారు. ఓడ ఊగినప్పుడు ఎక్కువ తెలిసేది అక్కడే. కింది అంతస్తులో, ఓడ నడిమధ్యలో ఉన్న గదికి ఊపు తక్కువ, ధరా తక్కువే. బాత్రూం గుమ్మానికి ఎత్తు గడప ఉంటుంది. రాత్రి నిద్రమత్తులో కాలు తగిలేది దానికే, చిన్న టార్చి వెంట ఉంచుకోవాలి. వాంతుల మాత్ర ఓడ కదలడానికి అరగంటో గంటో ముందే వేసుకోవాలి, కడుపులో తిప్పడం మొదలయ్యాక వేసుకుంటే పెద్దగా పనిచేయదు. గ్లకోమా, ప్రొస్టేట్ సమస్య ఉన్నవారు డాక్టర్ని అడక్కుండా వేసుకోకూడదు. రేవులో అప్పగించిన పెట్టె గదికి చేరడానికి గంటలు పట్టొచ్చు, బీపీ, షుగర్ మందులు చేతిసంచిలోనే ఉండాలి. ఇన్సులిన్‌ను ఎండలో ఆగిన కారులో వదిలితే పాడవుతుంది. ఇస్త్రీపెట్టె, ఎక్స్‌టెన్షన్ బోర్డు సోదాలో తీసేసుకుంటారు. ఇంటి వంటలకూ చాలా ఓడల్లో అనుమతి ఉండదు, ఆవకాయ సీసా కారు డిక్కీలోనే ఉండిపోవాలి! నడిసముద్రంలో ఫోను ఓడ సొంత నెట్‌వర్క్‌ని పట్టుకుంటే బిల్లు వాచిపోతుంది, ఫ్లైట్ మోడ్‌లో పెట్టేయండి.

బంగాళాఖాతం జనవరి నుంచి మార్చి దాకా సాధారణంగా నెమ్మదిగా ఉంటుంది. అక్టోబరు నుంచి డిసెంబరు వరకు తుపాన్ల కాలం, చవగ్గా వస్తోందని ఎగబడొద్దు. అంతా బాగున్నా రేవు మారిపోవచ్చు. 2022 జూన్‌లో చెన్నై–విశాఖ–పుదుచ్చేరి యాత్రకు వచ్చిన కార్డీలియా కంపెనీ ఓడ ‘ఎంప్రెస్’ను, అందులో కేసినో ఉందన్న అభ్యంతరంతో పుదుచ్చేరి రానివ్వలేదు. చెప్పిన రేవులో ఆగకుండా వెళ్లిపోయే హక్కు తమకుంటుందని కంపెనీలు షరతుల్లో ముందే రాసుకుంటాయి. అది చదివాకే డబ్బు కట్టాలి.

ఓడ దిగిన రోజూ స్టీరింగ్ పట్టొద్దు. కొందరికి నేల ఇంకా ఊగుతున్నట్టే ఉంటుంది, మాత్ర మత్తూ వదలదు. ఆ రాత్రీ చెన్నైలోనే గడపాలి.

మేం ఈ టికెట్లు అమ్మేవాళ్లమే, అయినా చెప్పక తప్పదు. ప్రకటనలో వేసే ధర ఒక్కరిది, అదీ గదికి ఇద్దరుంటేనే. రేవు రుసుములు, సిబ్బంది టిప్పు, జీఎస్టీ చాలాసార్లు దానికి అదనం. ఇద్దరికీ కలిపి చివరికి కట్టాల్సిన మొత్తం, చెక్‌ఇన్ మూసే వేళ ప్రకటనలోనే వేయాలని మీ ప్రకటనల విభాగం పట్టుబట్టాలి.

— ట్రావెల్ ఏజెంట్లు, ఒంగోలు