నీ ఫోన్ నా బల్ల మీద ఉంది

పర్లాకిమిడి,
మే 16, రాత్రి

చి. అమ్మలుకు నాన్న ఆశీర్వదించి వ్రాయునది.

రాశాక నాకే నవ్వొచ్చింది. గిడుగు రామమూర్తి గారు పాఠాలు చెప్పిన ఊళ్లో కూర్చుని ఇంకా ఈ ‘వ్రాయునది’ ఏమిటి! ఆయన ఉంటే చెవి మెలేసేవారు. మా నాన్న నాకు ఇలాగే మొదలుపెట్టేవాడు, చెయ్యి అలవాటు కొద్దీ అటే పోయింది. ఫోన్‌లో చెప్పే మాటలే, కానీ రిపేరుకి పంపిన నీ ఫోన్ నా బల్ల మీద ఉంది కదా. నీ కొండ మీది బళ్లో పక్క టీచరమ్మ ఫోన్‌కి చేసి ఈ సోదంతా చెప్తే ఆవిడ విసుక్కుంటుంది. అందుకని ఉత్తరం.

ముందు నువ్వడిగిన మాట. కొత్త ఫోన్‌కి డబ్బు పంపను. కోపం తెచ్చుకోకు. నీ ఫోన్‌కి వయసేం మీరలేదు, నాలుగేళ్లే. బ్యాటరీ పోయింది, మార్చాను. పద్దెనిమిది వేలు పెట్టి కొత్తది కొన్నా ఇప్పుడు వాడినట్టే వాడితే రెండేళ్లకి మళ్లీ ఇదే బల్ల మీదికొస్తుంది.

వెనక మూత వేడి చేసి, సన్నటి ప్లాస్టిక్ రేకు అంచు చుట్టూ తిప్పి లేపాను. లోపల బ్యాటరీ నడిమధ్య పూరీలా పొంగి ఉంది. తెర ఒక మూల లేచింది, ఎక్కడో పడేసుకున్నానేమో అన్నావే, నువ్వు పడెయ్యలేదు. ఆ పొంగిన బ్యాటరీయే లోపలి నుంచి తెరని తోసింది. ఇలాంటిదాన్ని తలగడ కింద పెట్టుకుని పడుకుంటున్నావని తెలిశాక నాకు నిన్నంతా టెన్షనే. పాతదాన్ని ఇసక పోసిన డాల్డా డబ్బాలో పెట్టాను, పాత బ్యాటరీలు కొనేవాడొస్తే ఇస్తాను. నీ హాస్టల్లో ఎవరి ఫోన్ ఇలా ఉబ్బినా ఛార్జి పెట్టొద్దని చెప్పు. సూదితో పొడిచి గాలి తీద్దామనే తెలివిగలవాళ్లు ఉంటారు, అసలు చెయ్యనివ్వకు, భగ్గుమంటుంది.

ఎందుకు ఉబ్బిందో నువ్వు చెప్పిన మాటల్లోనే ఉంది. సిగ్నల్ కోసం ఫోన్‌ని పగలంతా కిటికీ గట్టు మీదే పెడతానన్నావు. పగటిపూట ఛార్జింగ్ కూడా అక్కడే అన్నావు. పైన రేకుల కప్పు, మధ్యాహ్నం ఎండ నేరుగా ఆ గట్టు మీదికి. ఫోన్ కంపెనీలు చెప్పేది 35 డిగ్రీలు దాటిన చోట వాడొద్దని. మే నెలలో మన వైపు నీడలోనే అది దాటుతుంది, ఎండలో గట్టు సంగతి చెప్పేదేముంది? పైగా దానికో రబ్బరు తొడుగు.

లోపల జరిగేది ఇది. బ్యాటరీలో ఒక పక్క గ్రాఫైట్, అదే నీ బడి పిల్లల పెన్సిల్ ములుకులో ఉండేది. రెండో పక్క లోహపు ఆక్సైడు. మధ్యలో ద్రవం. ఛార్జి పెడితే లిథియం అయాన్లు గ్రాఫైట్‌లోకి వచ్చి చేరతాయి, వాడుతుంటే తిరిగి వెళ్లిపోతాయి. వెళ్లడం రావడం వల్ల పెద్ద నష్టం లేదు. కానీ గ్రాఫైట్ మీద, నీళ్లు కాచే గిన్నెకి గార పట్టినట్టు, ఒక పొర పేరుకుంటూ ఉంటుంది. ఆ పొరలో చిక్కుకున్న లిథియం మళ్లీ పనికి రాదు. వేడి ఎక్కువైతే అది త్వరగా పేరుకుంటుంది. బ్యాటరీ నూటికి నూరు నిండి గంటల తరబడి అలాగే ఉన్నా అంతే. వేడీ, నిండుదనం రెండూ కలిస్తే ద్రవం విరిగి వాయువు పుడుతుంది, పూరీ పొంగుతుంది. రాత్రి పదింటికి వైరు గుచ్చి పొద్దున్న ఆరింటికి తీస్తావు. తలగడ కింద వేడి, పైన నూరు శాతం. ఇంకేం కావాలి?

అందుకని ఈ ఫోన్‌లో 80 శాతం దగ్గర ఛార్జి ఆగిపోయేలా సెట్టింగ్ పెట్టేశాను. ఎందుకు ఆగిందని కంగారుపడకు, నా పనే. ఊరికి బయల్దేరే రోజు, కొండ మీద సర్వేకి వెళ్లే రోజు అది తీసేసి నూరు నింపుకో, తప్పేం లేదు. నింపిన వెంటనే వాడేస్తున్నావు కదా. ఆ చివరి ఇరవై ఎక్కడానికి అంతసేపు పడుతుందేమని నువ్వు చిన్నప్పుడు అడిగావు. సంతరోజు బస్సు గుర్తు తెచ్చుకో. మొదటి యాభై మంది ఎగబడి ఎక్కేస్తారు. చివరి పదిమందికీ సందు వెతికి సర్దేసరికే ఆలస్యం. బ్యాటరీ నిండుతున్నకొద్దీ ఛార్జర్ కూడా కరెంటు తగ్గిస్తూ వస్తుంది.

ఇంకోటి. ‘సున్నా అయ్యేదాకా వాడి, ఆపైన నిండా పెట్టాలి’ అని నీకెవరు చెప్పారో నాకు తెలుసు. నేనే. 2003లో ఈ ఫోన్ల కొట్టు తెరిచినప్పుడు వచ్చిన ప్రతివాడికీ ‘మొదటిసారి ఎనిమిది గంటలు పెట్టండి, పూర్తిగా దిగాకే మళ్లీ పెట్టండి’ అని పాఠం అప్పజెప్పేవాణ్ణి. నోకియా 3310 నికెల్ బ్యాటరీతో వచ్చిన రోజుల్లో ఆ మాటకి కొంత అర్థముంది. 1100 వచ్చేనాటికే లోపలున్నది లిథియం. నేను మాత్రం పదేళ్లు అదే పాట పాడాను. ఊరంతా నమ్మింది. లిథియంకి అడుగంటా దిగిపోవడమూ మంచిది కాదు. ఇరవై దగ్గర పెట్టెయ్యి. వైరు గుచ్చినప్పుడల్లా బ్యాటరీ ఆయుష్షులో ఒక లెక్క (సైకిల్ అంటారు) పోతుందనుకోకు. ఇవాళ సగం వాడి నింపావు, రేపు సగం వాడి నింపావు, రెండూ కలిపి ఒక్కటే లెక్క. యూరప్‌లో 2025 జూన్ నుంచి కొత్త ఫోన్ల బ్యాటరీకి 800 లెక్కలయ్యాకా 80 శాతం సత్తువ మిగలాలని రూలు పెట్టారు. నీ పాతదానికి 71 శాతమే మిగిలింది.

ఇదంతా బ్యాటరీ ఎన్నేళ్లు బతుకుతుందన్న సంగతి. నీ ఏడుపు వేరు, పొద్దున్న నింపితే మధ్యాహ్నానికే ఎందుకు ఖాళీ అవుతోందని. సెట్టింగ్స్‌లో బ్యాటరీ వాడకం తెరిచి చూశాను. నీ రీల్స్ మీద నాకు అనుమానం ఉండేది, అవి మూడో వరసలో ఉన్నాయి. అన్నిటికన్నా పైన మొబైల్ నెట్‌వర్క్. అప్పుడు అర్థమైంది. నీకు రెండు సిమ్‌లు. ఒకటి ఇక్కడి ఒడిశా సిమ్, రెండోది కాలేజీకి వెళ్లినప్పుడు పాతపట్నంలో కొన్నది. ఇక్కడ మహేంద్రతనయ ఒడ్డున నిలబడితే రెండింటికీ నిండా గీతలు. మీ కొండ మీద ఆ రెండోదానికి టవరే లేదు. లేదని ఫోన్ ఊరుకోదు, ఉందేమోనని రోజంతా వెతుకుతూనే ఉంటుంది. తప్పిపోయిన మేక కోసం కొండంతా కేకలేస్తూ తిరిగినట్టు. ఒడిశా సిమ్‌కి కూడా ఒక్క గీతే అంటే ఆ దూరపు టవరుకి వినబడేలా ఫోన్ గట్టిగా అరవాలి. అరుపుకి కరెంటు ఖర్చు, దాంతోనే వేడి.

కాబట్టి కొండ ఎక్కగానే ఆంధ్రా సిమ్ ఆపెయ్యి. సిమ్ తియ్యక్కర్లేదు, సెట్టింగ్స్‌లో నొక్కితే చాలు. బ్యాంకు ఓటీపీ దానికే వస్తుందంటావు, డబ్బు పనులు కిందికి దిగిన రోజు పెట్టుకో. ఉన్న సిమ్‌ని 4జీ మీదే ఉంచాను, అందీ అందని 5జీ కోసం పాకులాడకుండా. క్లాసులో ఉన్నంతసేపూ ఎయిర్‌ప్లేన్ మోడ్ పెట్టెయ్యి. తిత్లీ తుఫాను గుర్తుందా, 2018 అక్టోబరు? కరెంటు లేని ఆ రోజుల్లో నా పాత ఫోన్ అన్నాళ్లు లాగిందంటే ఆ మోడ్ వల్లే. పొద్దున్నొకసారి, రాత్రొకసారి తీసి మీ అత్తకి ఫోన్ చేసేవాణ్ణి. జనం మాత్రం ఊరికే తెర వెలిగించి సిగ్నల్ వచ్చిందా అని చూసుకుని చూసుకుని ఖాళీ చేసుకున్నారు.

తెర సంగతి రెండు ముక్కలు. నీది ఓలెడ్ తెర, నల్లగా ఉన్నచోట దీపమే వెలగదు. డార్క్ మోడ్ పెట్టాను. అమెరికాలో పర్డ్యూ విశ్వవిద్యాలయం వాళ్లు 2021లో కొలిచి చూస్తే, వెలుగు సగమో అంతకన్నా తక్కువో ఉన్నప్పుడు దానివల్ల మిగిలేది 3 నుంచి 9 శాతమేనట. వెలుగు నిండా పెడితే 39 నుంచి 47 శాతం. గదిలో కూర్చునేవాడికి పెద్ద లాభం లేదు గానీ, నువ్వు ఎండలో నిలబడి హాజరు ఎక్కిస్తావు కాబట్టి నీకు పనికొస్తుంది. వాడిన యాప్‌లన్నీ పైకి తోసి మూసే అలవాటు మానెయ్యి. మళ్లీ తెరిస్తే మొదటి నుంచి లేవాలి, దానికే ఎక్కువ ఖర్చు.

మామ్మ మధ్యలో వచ్చి ఎవరికి రాస్తున్నావని అడిగి, అల్లం మురబ్బా కూడా పెట్టమని డబ్బా ఇచ్చి వెళ్లింది. నువ్వు లేక రోజూ ఏడింటికి ఫోన్ పక్కన కూర్చుంటోంది. లిథియం బ్యాటరీకి నోబెల్ వచ్చిన ముగ్గురిలో గుడ్ఎనఫ్ గారికి అప్పటికి 97 ఏళ్లని నేను చెబితే, ‘అయితే నీకింకా టైముంది, ముందు కళ్లజోడు మార్చుకో’ అంది.

రేపు పొద్దున ఉదయగిరి బస్సు కండక్టరు చేతికి పెట్టె ఇస్తాను. అందులో ఫోన్, ఛార్జర్, మురబ్బా, మురీలు. కొత్త బ్యాటరీ మీద మన దేశపు భద్రతా ప్రమాణం ఐఎస్ 16046 ముద్ర చూసే కొన్నాను, 1,400 అయింది, నీ జీతం రాగానే ఇచ్చెయ్యి. ఫోన్‌ని 50 శాతం దగ్గర ఆపి స్విచ్ ఆఫ్ చేశాను, దారిలో ఎండ తగిలినా అంత దెబ్బ తినదని. పెట్టె తియ్యగానే ఛార్జి పెట్టకు, కాస్త చల్లబడనీ. ఆంధ్రా సిమ్ ఆపు. తర్వాత కిటికీ దగ్గరికెళ్లి ఏడింటికి ఫోన్ చెయ్యి, మాట్లాడటం అయ్యాక గట్టు మీద వదలకుండా లోపలికి తెచ్చుకో. ముందు మామ్మతో మాట్లాడు.

ఇట్లు,
నాన్న