తిన్నదే చంపిందనుకోకు

బుజ్జీ,

వాగు పొడుగునా చచ్చి పడి ఉన్న ఆ మూడు జింకల ఫోటోలు పంపావు కదా, అన్నీ పెద్దవి చేసి చూశాను. రాత్రి ఫోన్లోనే చెప్పొచ్చు గానీ, నువ్వున్న టెన్షన్‌లో సగం మాటలు నీ చెవికెక్కవు. ఉత్తరమైతే తీరిగ్గా రెండుసార్లు చదువుకుంటావు.

అన్నిటికన్నా ముందు ఒక మాట. మళ్ళీ అటు వెళ్తే ఆ జింకల్ని చేత్తో ముట్టుకోకు. బూటుతో తిప్పి కూడా చూడకు. ఎందుకో తర్వాత చెబుతాను.

రాత్రి మొదలుపెట్టినప్పుడు నువ్వు కుక్కల పనే అన్నావు. ఫోన్ పెట్టేసే సరికి ఎవరో విషం పెట్టారన్నావు. పేరు కూడా చెప్పబోయావు, నేనే అడ్డుపడ్డాను. కడుపు చీలి, వెనక తొడలు తినేసి ఉన్న ఆ రెండో జింకని చూస్తే ఎవరికైనా కుక్కలే గుర్తొస్తాయి. కానీ అడవిలో శవం ఊరికే పడి ఉండదు. కాకులు కళ్ళూ నాలుకా పొడుచుకుపోతాయి. నక్కలు మెత్తగా ఉన్న చోట, అంటే తోక కిందా పొట్ట దగ్గరా మొదలుపెడతాయి. ఈగలు కొన్ని గంటల్లోనే గుడ్లు పెడతాయి, వేసవిలో అయితే ఒక రోజులోపే పురుగులు కనిపిస్తాయి. కాబట్టి తిన్నది వేరు, చంపింది వేరు. రెండూ ఒకటే కావచ్చు, కాకపోవచ్చు. తేడా చర్మం కింద తెలుస్తుంది. ప్రాణం ఉండగా పడిన కాటు చుట్టూ రక్తం గడ్డకట్టి కమిలి ఉంటుంది. చచ్చాక కొరికితే కమలదు, మాంసం పాలిపోయి ఉంటుంది. చిరుతలాంటి పెద్దపిల్లి అయితే గొంతు దగ్గర కోరల గుంటలు ఉంటాయి. కుక్కల గుంపైతే వెనక కాళ్ళ మీదా పక్కల మీదా అడ్డదిడ్డంగా కొరుకుతుంది, చాలాసార్లు చంపి సరిగా తినను కూడా తినదు.

ఇక్కడ ఇంకో చిక్కుంది. కుక్కలు కాటు వేయకుండానే జింకని చంపగలవు. చాలాసేపు ప్రాణభయంతో పరిగెత్తిన జింకకి కండరాలు లోపలే చితికిపోతాయి. రక్తంలో ఆమ్లం పెరిగిపోతుంది, మూత్రపిండాలు దెబ్బతింటాయి. అప్పటికి తప్పించుకున్నా, గంటల తర్వాతో రోజుల తర్వాతో ఎక్కడో కూలబడి చచ్చిపోతుంది. ఒంటి మీద గీత కూడా ఉండదు. జింకల్ని పట్టి వేరే చోటికి తరలించేవాళ్ళకి అన్నిటికన్నా పెద్ద భయం ఇదే.

నీ ఫోటోల్లో నన్ను పట్టి ఆపింది గాయాలు కాదు. మొదటిదాంట్లో ఎముకలూ తోలే మిగిలాయి. రెండోది ఉబ్బి చీలింది. మూడోది ఒక రోజుకి మించి అయి ఉండదు. అంటే మూడూ ఒకే రోజు చావలేదు. ఎవరైనా ఒకసారి విషం పెడితే సాధారణంగా అన్నీ కాస్త అటూ ఇటుగా ఒకేసారి పడతాయి. చుట్టుపక్కల తిన్న నక్కలూ రాబందులూ కూడా పడి ఉంటాయి. పురుగుమందు గట్టిదైతే శవం మీద వాలిన ఈగలే చచ్చి రాలి ఉంటాయి. మూడో ఫోటోలో ఈగలు నిక్షేపంగా ఉన్నాయి! అలాగని విషం కాదని తేల్చేయలేను. ఎండకి గిడసబారిన లేత జొన్న మేసినా లోపల సయనైడ్ పుడుతుంది, అలాంటప్పుడు రక్తం మరీ ఎర్రగా ఉంటుంది. నైట్రేట్ ఎక్కువైన మేతో నీళ్ళో అయితే రక్తం చాక్లెట్ రంగుకి మారుతుంది. వీటికి ఏ మనిషీ పగబట్టాల్సిన పనిలేదు.

పిడుగు కూడా కాదు. 2016లో నార్వేలోని హార్డంగర్‌విడ్డా పీఠభూమి మీద ఒకే పిడుగుపాటుకి 323 రెయిన్‌డీర్లు, అంటే చలిదేశాల జింకలు, చచ్చిపోయాయి, అన్నీ ఒకే చోట కుప్పగా. నేలలోంచి పాకిన కరెంటు ముందు కాళ్ళలోంచి వెనక కాళ్ళలోకి పోతుంది, అందుకే నాలుగు కాళ్ళ జంతువులు అంత తేలిగ్గా పోతాయి. నీవి వాగు పొడుగునా దూరదూరంగా పడి ఉన్నాయి.

ఇక ఫోన్లో వెతికి నువ్వు పట్టుకొచ్చిన ‘జాంబీ జింకల రోగం’. అసలు పేరు క్రానిక్ వేస్టింగ్ డిసీజ్. 1967లో అమెరికాలోని కొలరాడోలో, కంచెలో పెంచుతున్న జింకల్లో మొదట గమనించారు. వైరస్ కాదు, బాక్టీరియా కాదు. ప్రియాన్ అని, వంకర తిరిగిన ఒక ప్రోటీన్. వండినా చావదు, మట్టిలో ఏళ్ళ తరబడి ఉంటుంది. ఇంతవరకూ మనిషికి సోకినట్టు రుజువు లేదు, అయినా ఆ మాంసం తినొద్దనే చెబుతారు. కానీ అది నెలల తరబడి లోపల నానే జబ్బు. చచ్చే నాటికి జింక ఎముకల గూడై, చొంగ కారుస్తూ, చెవులు వేలాడేసి తిరుగుతుంది. నీ మూడో జింక నడుము గుండ్రంగా, నిండుగా ఉంది. దాని మీద నిద్ర పాడుచేసుకోకు.

నన్నడిగితే జ్వరం జబ్బు వైపే మొగ్గుతాను. ఒంట్లో కండ ఉంది, ఒక్కొక్కటీ కొన్ని రోజుల తేడాతో పోయాయి, అన్నీ నీళ్ళ పక్కనే. తెల్లతోక జింకల్లో ఈహెచ్‌డీ అని ఒక రక్తస్రావ జ్వరం వస్తుంది. 1955లో అమెరికాలోని న్యూజెర్సీలో దాన్ని మొదట గుర్తించారు. దోమకన్నా చిన్నవైన క్యూలికాయిడ్స్ అనే కుట్టే కీటకాలు దాన్ని మోస్తాయి. తడి బురద అంచుల్లో పెరుగుతాయి కాబట్టి వేసవి చివర విజృంభించి, గడ్డమంచు పడి కీటకాలు చచ్చేదాకా సాగుతుంది. లక్షణాలు కనబడ్డాక ఒకటి రెండు రోజుల్లోనే జింక పోతుంది. జ్వరం భరించలేక నీళ్ళలో దిగి నిలబడుతుంది, అక్కడే పడిపోతుంది. నాలుక వాచి నీలంగా మారొచ్చు. గొర్రెలకొచ్చే నీలి నాలుక వ్యాధి దీనికి దగ్గరి చుట్టమే, పైకి చూస్తే రెండిటికీ తేడా తెలియదు. మనుషులకి ఈ రెండూ అంటవు. బతికిన జింకలు ఏమైనా కుంటుతున్నాయేమో దూరం నుంచి చూడు. ఈ జ్వరం తట్టుకున్నవాటికి గిట్టలు పగిలి ఊడొస్తాయి.

అయినా నీళ్ళ పక్కన పడి ఉండటం ఒక్కదాన్నే పట్టుకుని తీర్పు చెప్పలేం. గాయపడ్డ జింకా నీళ్ళకే వెళ్తుంది, విషం తిన్నదీ దాహంతో అక్కడికే వస్తుంది. పైగా వేటగాళ్ళు ఉచ్చులు పెట్టేది నీళ్ళకి వచ్చే దారుల్లోనే, ఆ చావులు కూడా రోజుల తేడాతోనే జరుగుతాయి. అందుకే మెడ చుట్టూ వెంట్రుకలు కోసుకుపోయిన గీత ఉందేమో, పొదల మొదట్లో తీగ ముక్క ఉందేమో ఫోటోలో వెతికాను. మూడో జింక మెడ అవతలి వైపుకి తిరిగి ఉంది. జూమ్ చేసి ఆ పక్క నుంచి ఒకటి తియ్యి, దగ్గరికి పోకుండా.

ఇప్పుడు ముట్టుకోవద్దని ఎందుకన్నానంటే, దొమ్మ రోగం. ఆంత్రాక్స్ అంటే నీకు తెలుస్తుంది. బాగా తిరుగుతున్న జంతువు ఉన్నట్టుండి పడిపోతుంది. ముక్కూ నోరూ మలద్వారం నుంచి నల్లటి రక్తం కారుతుంది, గడ్డకట్టదు. శవం సరిగా బిగుసుకోదు, తొందరగా ఉబ్బుతుంది. అలాంటిదాన్ని కోస్తే లోపలి క్రిములకి గాలి తగిలి, మట్టిలో దశాబ్దాలు బతికే, విత్తనాల్లాంటి స్పోర్లుగా మారతాయి. 2016లో రష్యాలోని యమాల్‌లో గడ్డకట్టిన నేల ఎండలకి కరిగి ఈ రోగం బయటపడి, రెండు వేలకు పైగా రెయిన్‌డీర్లు పోయాయి. ఒక పిల్లవాడు కూడా పోయాడు. నీ రెండో ఫోటోలో ముక్కు దగ్గర ఉన్న ఎరుపు చూసి నాకూ ఒక్క క్షణం గుండె ఆగింది. అయితే నెమరువేసే జంతువు చచ్చాక కూడా పొట్టలో పులియడం ఆగదు, ఆ ఒత్తిడికి రక్తపు నురగ ముక్కులోంచి తన్నుకొస్తుంది. కుళ్ళినదాన్లో ఆ రెండిటినీ కంటితో విడదీయడం నా వల్ల కాదు. చెవి నరం నుంచి ఒక చుక్క తీసి మైక్రోస్కోపు కింద పెడితే గానీ తెలియదు, అది పశువైద్యుడి పని. పైగా శవం చల్లబడ్డాక పిడుదులు దిగి కొత్త ఒంటి కోసం వెతుక్కుంటాయి. ఇంటికి రాగానే బట్టలు వేడినీళ్ళలో వేసి, మోకాళ్ళ వెనకా చెవుల వెనకా చూసుకో.

అటవీ అధికారులకి పొద్దున్నే ఫోన్ చెయ్యి. జింకలు పడి ఉన్న చోట్లు ఫోన్ మ్యాప్‌లో గుర్తుపెట్టి పంపు. కాళ్ళ దగ్గర నేల ఎలా ఉందో ప్రత్యేకంగా చెప్పు. మట్టి అర్ధచంద్రాకారంగా గీరుకుపోయి ఉంటే అది గిలగిల కొట్టుకుని చచ్చిందని, గడ్డి చెక్కుచెదరకపోతే ఉన్నట్టుండి పడిపోయిందని అర్థం. ఎవరూ అడగరు, నువ్వే చెప్పాలి. కొమ్ములు దాచుకోవాలన్న సరదా వద్దు, చాలా చోట్ల అది నేరం. “ఏదో జబ్బులెండి” అని సర్ది చెబితే, ఏ నమూనా తీశారో, ఏ ల్యాబ్‌కి పంపారో మర్యాదగానే అడుగు. రిపోర్టు వచ్చేదాకా ఆ ఊళ్ళో ఎవరి పేరూ ఎత్తకు.

మొదటి రెండిట్లోనూ ల్యాబ్‌కి పనికొచ్చేది పెద్దగా ఏమీ మిగల్లేదు. మూడోది కూడా ఈ ఎండలో రేపు సాయంత్రానికి పనికిరాదు, కాలేయం ముందుగా కుళ్ళిపోతుంది. వాళ్ళు సోమవారం వస్తామంటే ఒప్పుకోకు, రేపే రమ్మను.

అమ్మ